నదికి మెట్టు

ప్రణాళిక అనే మాటలో నాలిక దాక్కుని ఉందని మా ఆఫీసులో కనిపెట్టింది నేనే. మిగతావాళ్ళు గీతలు గీస్తారు, లెక్కలు కడతారు, రంగులు వేస్తారు. నేను నాలిక ఆడిస్తాను. ఏ కొత్త పథకం తయారైనా దాన్ని మోసుకుని వీధుల్లోకి వెళ్ళి, సభ పెట్టి, జనానికి అర్థమయ్యేలా, వీలైతే నవ్వొచ్చేలా చెప్పడం నా ఉద్యోగం. అందుకే అందరూ నన్ను మైకు అంటారు. చేతిలో మైకు ఉంటుందని కాదు, లేకపోయినా వినపడతానని.

ఈసారి మోసుకెళ్ళింది చాలా పెద్ద పథకం. నదికి ఇవతల మా ఊరు, అవతల ఇంకో ఊరు. ఇన్నాళ్ళూ ఎవరి చెత్త వాళ్ళది, ఎవరి చెట్టు వాళ్ళది. వాళ్ళకి వరదొస్తే మాకు వార్త, మాకు కరువొస్తే వాళ్ళకి కబురు. ఇకమీదట అలా కుదరదు, రెండూళ్ళనీ ఒకే ప్రాంతంగా చూసి ఒకే ప్లాను వెయ్యమన్నారు పైవాళ్ళు. దానికి సుస్థిరాభివృద్ధి అని పేరు పెట్టారు. సభలో ఒకాయన లేచి "అదేంటండీ?" అని అడిగాడు. "సుస్తీ లేకుండా స్థిరంగా వృద్ధాప్యం దాకా బతకడమండీ" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆయన అడగాలనుకున్న రెండో ప్రశ్న ఆ నవ్వుల్లో ఎక్కడో పడిపోయింది.

ఆ ప్లాను మొత్తానికీ ముద్దుబిడ్డ చిత్తడి తోట. మా ఊరి అంచున, నది గట్టు పక్కనే, మూతబడ్డ ఇటుక బట్టీల తాలూకు పెద్ద గుంట ఒకటుంది. దాన్ని శుభ్రం చేసి, చుట్టూ మట్టికట్ట పోసి, కట్ట మీద నడకదారి వేశాం. నది పొంగినప్పుడు కొంత నీటిని ఆనకట్ట గేటు ఎత్తి, కొత్తగా తవ్విన కాలువ గుండా ఆ గుంటలోకి వదిలితే వరద తగ్గుతుంది, చుట్టుపక్కల బావులు ఊరతాయి, కొంగలు వస్తాయి, కొంగల్ని చూడ్డానికి జనం వస్తారు. చిత్తడిని చిత్తుగా వాడుకున్న ఊరు ఇప్పుడు చిత్తశుద్ధితో వాడుకుంటుందని నేను ప్రతి సభలోనూ అన్నాను, ప్రతి సభలోనూ చప్పట్లు కొట్టించుకున్నాను.

కట్టకి ఇవతలి పక్క, గుంటకన్నా పెద్ద ఎత్తేమీ లేని నేల మీద, బట్టీ కాలనీ. ఆ కాలనీ మొదటి వీధిలో, కట్టకి వీపు ఆనించినట్టుండే డాబా ఇంట్లో, మా అక్క పసిపిల్లల్ని చూసుకునే కేంద్రం నడుపుతోంది. పనులకి వెళ్ళే తల్లులు పొద్దున్న వదిలి సాయంత్రం ఎత్తుకెళ్తారు. ఇక నది మీది ఆనకట్ట, దాని గేట్లు అవతలి ఊరివి. ఆ గేట్ల దగ్గర పనిచేసేది మా అక్క మొగుడే, మా బావ. మా ఇంట్లో పిల్లలు అక్క చేతిలో, నీళ్ళు బావ చేతిలో, మాటలు నా నోట్లో. ఇలా పంచుకున్న కుటుంబానికి లోటేముంటుందని మురిసిపోయేవాణ్ణి.

ప్రారంభోత్సవం రోజున నమూనాని అవతలి ఊళ్ళో, ఆనకట్ట పక్కన వేసిన టెంటు దగ్గరికి చేర్చే పని నామీద పడింది. నమూనా అంటే రెండూళ్ళ బొమ్మ. దళసరి అట్టని మ్యాపులోని ఎత్తుపల్లాల ప్రకారం పొరపొరగా కోసి, ఒకదాని మీద ఒకటి అంటించి చేసింది. రెండు మంచాలంత ఉంటుంది. ఆఫీసు తలుపులోంచి పట్టదని రెండు ముక్కలుగా చేశారు. నదికి ఇవతలి సగం మా ఊరి మ్యాపు చూసి, అవతలి సగం వాళ్ళ మ్యాపు చూసి. అతుకు సరిగ్గా నది నడుమ వస్తుంది. చేసినవాణ్ణి అందరం పుట్టీ అంటాం. ఎక్కడ పగులు కనపడినా వాడి వేలు ముందే అక్కడుంటుంది. పుట్టీ పుట్టినప్పుడు కూడా బొడ్డుకి బట్ట కట్టలేదట, పుట్టీయే పెట్టారట. ఇది నా జోకే.

అతికించిన నమూనాని వ్యాను వెనక పడుకోబెట్టాం. పక్కన నేను చతికిలబడ్డాను. పుట్టీ నడుపుతున్నాడు.

"మెల్లిగా పోనీరా. నువ్వు తీసుకెళ్తోంది వ్యాను కాదు, రెండూళ్ళు."

"వెనక మీరున్నారుగా సార్, మూడో ఊరు" అన్నాడు, నా పొట్టని అద్దంలో చూస్తూ.

"నా పొట్టకి కట్ట అక్కర్లేదులే, బెల్టు చాలు."

అంతలో స్పీడ్‌బ్రేకర్ వచ్చింది. వ్యాను ఎగిరి పడింది. నేనూ ఎగిరి పడ్డాను. రెండూళ్ళూ ఎగిరి పడ్డాయి. నది పొడుగునా టపటపమని చిన్న చప్పుడు. నీలం రంగేసిన పుట్టీ పెచ్చులుగా లేచిపోయింది.

వంగి చూశాను. నదికి మెట్టుంది.

నిజంగానే మెట్టు. నది నట్టనడుమ, ఆ చివర్నుంచి ఈ చివరి దాకా. అవతలి సగంలో నీళ్ళు కింద ఉన్నాయి. ఇవతలి సగంలో, అంటే మా ఊరి వైపు, అదే నది నీళ్ళు బొటనవేలి గోరంత పైన ఉన్నాయి.

"ఒరేయ్, నదికి మెట్టు కట్టావేంట్రా? దిగి స్నానం చెయ్యడానికా?"

"నేను కట్టలేదు సార్. మొదట్నుంచీ ఉంది" అన్నాడు పుట్టీ, తల తిప్పకుండా. "రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే మన సైడు ఎత్తొచ్చింది. కోత తప్పేమో అనుకుని ఇంకోసారి కోశా. మళ్ళీ అంతే. మ్యాపులో ఉన్నట్టే కోశా సార్, ఒట్టు. చూడ్డానికి అసహ్యంగా ఉందని పుట్టీ పెట్టి, నున్నగా రుద్ది, రంగేశా. స్కేలు సారు చూసి, భుజం తట్టారు కూడా."

స్కేలు సారు అంటే మా పెద్దాఫీసరు. చేతిలో ఎప్పుడూ స్కేలుంటుంది. గీతలు గీయడానికి తక్కువ, చూపించి మాట్లాడడానికి ఎక్కువ.

నేను నవ్వాను. నవ్వు సగంలో ఆగింది. నది ఒక్కటే. నీళ్ళు ఒక్కటే. ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా ఏ నీళ్ళూ నిలబడవు. మరి రెండు మ్యాపులూ రెండు ఎత్తులు ఎందుకు చెబుతున్నాయి?

ఎత్తు చెప్పాలంటే ఎక్కడో ఒకచోట సున్నా పెట్టుకోవాలి. అక్కణ్ణుంచి ఇంత పైన, ఇంత కింద అని చెప్పాలి. మా ఊరివాళ్ళు పాతకాలంలో రైల్వే స్టేషను కింది మెట్టుని సున్నా అనుకున్నారు. అవతలివాళ్ళు వాళ్ళ నీళ్ళ ట్యాంకు అరుగుని సున్నా అనుకున్నారు. ఎవరి సున్నాకి వాళ్ళు సున్నం కొట్టుకుని కూర్చున్నారు. నమూనాలో గోరంత అంటే నేల మీద ఛాతీ ఎత్తు; ట్యాంకు అరుగు స్టేషను మెట్టుకన్నా అంత పైన ఉందని రెండూళ్ళకీ తెలియదు, ఎందుకంటే రెండూళ్ళకీ ఇంతవరకూ అవసరం పడలేదు. అవసరం పడేలా చేసింది మేము. ప్లానులో నది నీటిమట్టం అవతలివాళ్ళ కాగితంలోంచి తీసుకున్నాం, ఆనకట్ట వాళ్ళది కాబట్టి. కట్ట ఎత్తు మా కాగితంలోంచి తీసుకున్నాం, కట్ట మాది కాబట్టి. కాగితం మీద కట్ట నీళ్ళకంటే నడుమెత్తు పైన ఉంది. భేషుగ్గా ఉంది. కానీ ఆ నీళ్ళు నిజానికి మేమనుకున్నదానికంటే ఛాతీ ఎత్తు పైన ఉన్నాయి. ఛాతీలోంచి నడుం తీసేస్తే మోకాలు మిగలడం మనిషి ఒంట్లో కుదరదు గానీ లెక్కలో కుదిరింది. గేటు ఎత్తితే నది నీళ్ళు మా కట్ట మీద మోకాలెత్తున పారతాయి. పారి, కట్ట కిందున్న మొదటి వీధిలోకి దిగుతాయి.

మొదటి వీధిలో మా అక్క ఇల్లు. ఈ వేళకి పిల్లలంతా అన్నాలు తిని పడుకుని ఉంటారు.

"పుట్టీ, బండాపు."

"ఏమైంది సార్, రంగు పోయిందా?"

"రంగులు మారాయిరా, పోలేదు. ఆపు."

నాకు ఒకే ఒక్క ధైర్యం మిగిలి ఉంది. గేటు ఇంకా ఎత్తలేదు. అతిథిగా వచ్చే పెద్దాయన బటన్ నొక్కితేనే గేటు లేచేది. ఆ ధైర్యంతోనే బావకి ఫోన్ కొట్టాను. వెనక సౌండు బాక్సులు అదరగొడుతున్నాయి.

"ఏమోయ్ మైకూ, ఇక్కడ మైకులన్నీ వచ్చేశాయి, నువ్వొక్కడివే తక్కువ" అన్నాడు బావ.

"బావా, గేటు ముట్టుకోకు."

"ముట్టుకోకపోవడమేంటి, పొద్దున్నే ఎత్తేశాగా."

"మరి బటనూ?"

"బటన్‌కి గంట తగిలించార్రా. నొక్కితే మోగుతుంది, అంతే. వచ్చేవాళ్ళకి దారిలో తోట నిండుగా కనపడాలని మీ స్కేలు సారే పొద్దున్నే ఎత్తించాడు. ఖాళీ గుంట ముందు నిలబడితే ఫోటో ఏం బాగుంటుందీ అన్నాడు. పైన వానలు పడి నది కూడా నిండుగా ఉందిగా, హాయిగా వెళ్తున్నాయి నీళ్ళు."

ఆ హాయి అన్న మాట చెవిలో ఉండగానే వ్యాను దిగాను. మేము ఆగింది కట్ట పక్కనే. నడకదారి ఎక్కి చూశాను.

అంత అందమైన దృశ్యాన్ని నేను అంతకుముందు చూడలేదు, మళ్ళీ చూడాలని కూడా లేదు. గుంటంతా నిండు నీళ్ళు. అద్దంలా ఉంది. ఆకాశం అందులో వెల్లకిలా పడుకుంది. నేను సభల్లో ఊరించి ఊరించి చెప్పిన కొంగలు నిజంగానే వచ్చాయి. ఒక జంట కట్టమీద నిలబడి ఫోటోలు తీసుకుంటోంది. ఒక ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. నీళ్ళ మధ్యలో మేము పాతిన స్తంభం ఉంది. దాని మీద నీలం గీత. "నీళ్ళు ఎంతొచ్చినా ఈ గీత దాటవు, గీత దాటేది మనుషులేనండీ" అని ఈ కట్టమీదే నిలబడి కాలనీవాళ్ళని నవ్వించాను.

నీలం గీత కోసం వెతికాను. కనపడలేదు. స్తంభమే తప్పు చూశానేమో అనుకుని మళ్ళీ చూశాను. గీత నీళ్ళ అడుగున ఉంది. లోపల్నుంచి వణుకుతూ కనపడుతోంది.

నీళ్ళకి చప్పుడు లేదు. అదే భయం. వరదంటే హోరు, సుడులు, కొట్టుకొచ్చే చెట్లు అనుకుంటాం. ఇవి చాప పరిచినట్టు పరుచుకుంటూ, ఎవరినీ నిద్ర లేపనంత మెత్తగా పైకొస్తున్నాయి. నా చెప్పు పక్కనున్న గడ్డిపరక కొస నీళ్ళలో ములిగింది. అది ములగడం నేను చూస్తూ నిలబడ్డాను.

"బాబాయిగారూ, కిందికి దిగి రోడ్డు మీదికెళ్ళండి! మీరు కూడానమ్మా, పరిగెత్తండి!" అని అరిచాను.

ఆ జంటలో అమ్మాయి నన్ను గుర్తుపట్టి కిలకిలా నవ్వింది. "మైకు గారు! ఏదీ, ఇప్పుడు తర్వాతది చెప్పండి!" అంది. తర్వాతది అంటే నవ్వొచ్చే ముక్క. నా దగ్గర ఎప్పుడూ ఒకటుంటుంది కదా మరి. పుట్టీ నా మొహంలోకి చూశాడు. ఏం చూశాడో గానీ వాడు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ఈడ్చాడు, ఆ ముసలాయన్ని నడుం పట్టి దించాడు. ముగ్గురూ తిట్టుకుంటూ పోయారు. తిట్టుకోనీ.

"పుట్టీ, వ్యాను తీసుకుని వీధివీధీ తిరుగు. హారన్ మీంచి చెయ్యి తియ్యకు. ఇంట్లో ఉన్నవాళ్ళందర్నీ మేడలెక్కమను."

వాడు వ్యాను ఎక్కాడు. నేను మొదటి వీధి వైపు పరిగెత్తుతూ స్కేలు సారుకి ఫోన్ చేశాను. మా వయసులో పరిగెత్తుతూ మాట్లాడితే ఊపిరికీ మాటకీ పొత్తు కుదరదు.

"సార్... గేటు... దింపించండి. రెండూళ్ళ సున్నాలు... వేరు సార్."

"సున్నా అంటే సున్నాయేగా మైకూ. అందులో వేరేంటి?"

"నమూనాలో... నదికి మెట్టుంది సార్. పుట్టీ ఊడిపోయింది."

"పుట్టీ ఊడితే ప్లాను ఊడినట్టా? మళ్ళీ పెట్టించు. ఇదిగో, పెద్దాయన కారు వంతెన ఎక్కింది. నీ హాస్యానికి సభలో టైమిస్తా, అప్పటిదాకా ఆపుకో" అని పెట్టేశాడు.

మళ్ళీ బావకి కొట్టాను. మోగుతోంది. మోగుతోంది. ఈలోపు వీధి మొదట్లో ఉన్న మురుగుకాలువ మూతల సందుల్లోంచి నీళ్ళు బుడగలు బుడగలుగా పైకి రావడం చూశాను. కాలువలో పోవాల్సిన నీళ్ళు కాలువలోంచి వస్తున్నాయి.

"ఏంట్రా నీ గోల?" అన్నాడు బావ.

"గేటు దించెయ్ బావా. నీళ్ళు కట్ట దాటతాయి."

"ఒరేయ్, సారు చెప్పకుండా దించితే నా ఉద్యోగం నీళ్ళపాలవుతుంది. ఆ జోకు కూడా నీదే, పోయినేడు చెప్పావు. పో, నాకు పనుంది."

నేనూ బావా మాట్లాడుకునే తీరు ఊరందరికీ తెలుసు. వాడు నన్ను డోలు అంటాడు, నేను వాణ్ణి తూము అంటాను. పెళ్ళిలో మొదలుపెట్టిన వెక్కిరింత పాతికేళ్ళు దాటినా ఆగలేదు. వాణ్ణి నమ్మించడానికి ఏ మాట వాడినా అది వెక్కిరింతలానే వినపడుతుంది. నా సంచిలో ఉన్నవన్నీ అవే మాటలు.

"బావగారూ" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినపడింది. "మీకు దండం పెడతాను. గేటు దించండి."



"ఏంట్రా గారూ అంటున్నావ్?" అన్నాడు బావ, చాలా నెమ్మదిగా. "ఒరేయ్... మీ అక్క ఎక్కడుంది?"

"ఇంట్లోనే అండి. పిల్లలతో."

ఫోన్ కింద పడిన చప్పుడు. ఎవరో "ఏయ్, ఎక్కడికి పోతున్నావ్, పెద్దాయన వచ్చే టైమ్ అయింది" అని అరవడం. పరుగు.

గేటు దిగుతుంది. కానీ అంత పెద్ద గేటు దిగడానికి టైమ్ పడుతుంది. ఈలోపు గుంట కాలువలోకి వచ్చేసిన నీళ్ళని వెనక్కి పొమ్మంటే పోవు. అవి ఇక్కడికే వస్తాయి.

అక్క తలుపు తీసి, నన్ను చూడగానే వేలు పెదాల మీద పెట్టుకుంది. "ఒరేయ్ లౌడ్‌స్పీకరూ, నెమ్మది. ఇప్పుడే పడుకున్నారు వెధవలు. నువ్వు తుమ్మినా అందరూ లేస్తారు."

నోరు తెరిచాను, మూశాను. అక్క నన్ను ఎగాదిగా చూసింది. నవ్వు మొహం మెల్లగా వాడిపోయింది.

"ఏమైంది? నవ్వకుండా నిలబడ్డావేంట్రా? అమ్మ పోయిన రోజు కూడా ఏదో ఒకటి వాగావు. ఇవాళ ఏమైందిరా?"

నేను ఇంటి పక్క సందులోంచి కట్ట వైపు చెయ్యి చూపించాను. కట్ట మీది నడకదారి అంచున వెండి దారంలా ఒక తడి మెరిసింది. చూస్తుండగా దారం రిబ్బనయింది. రిబ్బను వాలు మీదుగా జారింది.

"పైకా?" అంది అక్క.

"పైకే."

అక్కకి ఆ రెండక్షరాలు చాలు. చీరకొంగు బొడ్లో దోపుకుంది. డాబా మెట్ల దగ్గర ఇనుప గేటు తాళం తీసింది. "లేపకుండా తియ్యి. ఒక్కడు ఏడిస్తే అందరూ లేచి నాలుగు మూలలకీ పరిగెత్తుతారు. అప్పుడు ఏరుకోలేం. చప్పుడు చెయ్యకు. విన్నావా? చప్పుడు చెయ్యకు."

జీవితమంతా చప్పుడు మీద బతికినవాడికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు. హాలులో చాపల మీద పాతికమంది దాకా పిల్లలు. ఒకడు బోర్లా, ఒకడు వెల్లకిలా, ఒకత్తి పక్కవాడి పొట్టమీద కాలేసి. కర్టెన్లు వేసి ఉన్నాయి. పాల వాసన, పౌడరు వాసన. ఫ్యాను తిరుగుతోంది. నేను ఇద్దర్ని రెండు భుజాలకెత్తుకున్నాను. తలలు మెడ మీద వాలాయి. వెచ్చటి ఊపిరి చెవిలోకి. మెట్లెక్కి, డాబా మీద రేకుల నీడలో అక్క పరిచిన దుప్పటి మీద పడుకోబెట్టి, మళ్ళీ కిందికి. మోకాళ్ళు నొప్పెట్టి "అమ్మా" అనబోయి పెదవి కొరుక్కున్నాను. ఇంట్లో పనిచేసే ఆయమ్మ ఏమీ అడక్కుండా ఇద్దరిద్దర్ని ఎత్తుకుంటోంది. ఆవిడ కళ్ళు మాత్రం మాటిమాటికీ వీధి తలుపు వైపు పోతున్నాయి.

నా కళ్ళు కూడా. మూడో విడతో నాలుగో విడతో దిగేసరికి గుమ్మం కింది నుంచి నీళ్ళు లోపలికొచ్చాయి. సన్నగా, పొడుగ్గా, నాలికలా. నేల మీద తడుముకుంటూ వచ్చి మొదటి చాప అంచుని నాకి చూశాయి. ఆఫీసులో నేను కనిపెట్టిన నాలిక ఇదన్నమాట.

అప్పట్నుంచి భయం నీళ్ళలాగే చప్పుడు లేకుండా ఎక్కింది. ముందు అరికాళ్ళు. తర్వాత చీలమండలు. స్నానాల గది తూములోంచి గుడగుడమని తిరుగునీళ్ళు. చాపలు లేచి పడవల్లా కదలడం మొదలుపెట్టాయి. ఒక చాప మీద ఇంకా నిద్రపోతున్న కవలలు, చాపతోపాటు గోడ వైపు మెల్లగా తేలుతున్నారు. అక్క ఇద్దర్నీ ఒక్క ఊపున లాక్కుంది. అక్క పళ్ళు టకటక కొట్టుకోవడం నాకు వినపడింది. చలికి కాదు.

దూరంగా పుట్టీ వ్యాను హారన్ ఆగకుండా మోగుతోంది. అది మోగుతున్నంతసేపూ ఎంతో కొంత ధైర్యం. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అయిపోయినట్టేనా?" అన్నాను, పెదాలతో మాత్రమే.

అక్క వేళ్ళతో లెక్కపెట్టుకుని, తల అడ్డంగా ఊపింది. వెనక గది వైపు చూపించింది. ఉయ్యాల. అందరికన్నా చిన్నది, ఆకలేసినప్పుడు తప్ప లేవని పిల్ల.

వెనక గది ఇంటి మొత్తానికీ పల్లం. నేను అడుగు పెట్టేసరికి నీళ్ళు మోకాలు దాటాయి. కిటికీలోంచి కట్ట కనపడాలి. కట్ట కనపడలేదు. దాని మీదుగా, నడకదారి పొడుగునా, గాజు పలకలా నీళ్ళు వాలుతున్నాయి. ఆ గాజు మీద ఒక కొంగ నిలబడి అటూ ఇటూ చూస్తోంది. నాకెదురుగా అలమారలోంచి పడిన ప్లాస్టిక్ బాతు తేలుకుంటూ వచ్చింది. కొన్నప్పట్నుంచీ అలమారలో ఖాళీగా కూర్చున్న బాతుకి ఇవాళ ఉద్యోగం దొరికింది. ఈ మాట బయటికి అనలేదు. అనుకున్నందుకే నామీద నాకు అసహ్యమేసింది. తర్వాత, అనుకోగలిగినందుకు కొంచెం ధైర్యమొచ్చింది.

ఉయ్యాల అడుగు నీళ్ళకి తగులుతోంది. పిల్లని తీసుకున్నాను. వెనక్కి తిరుగుతుండగా కాలికింద తడిచాప జారింది. గోడ పట్టుకున్నాను. అరచెయ్యి చెక్కుకుపోయింది. పిల్ల కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. మూతి వంకర పెట్టింది. ఇది కేక పెడితే పైనున్న అందరూ లేస్తారు, లేచిన పిల్లలు మెట్లవైపే పరిగెత్తుతారు, మెట్ల కింద నీళ్ళున్నాయి. నేను బుగ్గలు పూరించి, కళ్ళు మెల్ల పెట్టి, నాలిక బయటపెట్టాను. చప్పుడు లేకుండా. నా జీవితంలో మొదటి మూగజోకు. పిల్ల కాసేపు పరీక్షగా చూసింది. నచ్చలేదనుకుంటాను. ఆవలించి, నా చొక్కా బొత్తాం నోట్లో పెట్టుకుని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మెట్లెక్కాను. కింద ఫ్యాను టక్కుమని ఆగిపోయింది. కరెంటు పోయింది.

డాబా మీద అక్క ఒక్కొక్క తలా ముట్టుకుంటూ లెక్కపెట్టింది. మొదటికొచ్చి మళ్ళీ ముట్టుకుంది. నా చేతుల్లోని పిల్ల తల కూడా ముట్టుకుని, నేల మీద కూలబడిపోయింది. అప్పుడు నోరు చీరకొంగుతో మూసుకుని ఏడ్చింది, అప్పుడు కూడా చప్పుడు లేకుండా. నేను పిట్టగోడ మీంచి కిందికి చూశాను. వీధి లేదు. ఇళ్ళ మధ్య గోధుమరంగు నీళ్ళు. పై వీధి మలుపులో వ్యాను సగానికి ములిగి ఉంది. దాని టాపు మీద పుట్టీ, వాడి పక్కన ఎవరో ముసలావిడ, ఆవిడ ఒళ్ళో ఒక కుక్క. చుట్టూ మేడల మీద జనం. వ్యాను వెనక తలుపు తెరుచుకుని, రెండూళ్ళ నమూనా బయటికొచ్చింది. ఇప్పుడు నిజంగా రెండు ముక్కలయింది. మా ఊరు ఒక దిక్కుకి, అవతలి ఊరు ఒక దిక్కుకి తేలిపోతున్నాయి.

అక్క ఫోన్ మోగింది. బావ. అక్క ఎత్తింది. "ఉన్నాం" అంది. పెట్టేసింది. "దించేశాడట" అంది నాతో.

నీళ్ళు వెంటనే ఆగలేదు. నేను మెట్ల పై చివర కూర్చుని కిందికి చూస్తూ ఉండిపోయాను. తడిసిన మెట్టు, తడవని మెట్టు. ఆ రెంటి మధ్య గీత ఎప్పుడు కదులుతుందా అని. ఒకటి ములిగింది. ఇంకొకటి ములిగింది. తర్వాతి మెట్టు దగ్గర నీళ్ళు తడబడ్డాయి. అంచుని తాకి వెనక్కి తగ్గాయి, మళ్ళీ తాకాయి. ఆ గీత మీంచి కళ్ళు తిప్పుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. నేను చూస్తున్నంతసేపే అది ఆగుతుందనిపించింది. ఇవే రెండు మ్యాపులు చూసి నది మీద కొత్త వంతెన రెండు ఒడ్డులనుంచీ కడుతున్నారు. ఇవే మ్యాపులు చూసి ఆస్పత్రి పునాది తవ్వుతున్నారు. ఇంకా ఏమేం కడుతున్నారో ఒక్కొక్కటే గుర్తొస్తుంటే, గుర్తుకు రావద్దని నన్ను నేను బతిమాలుకున్నాను.

నా ఫోన్ మోగింది. స్కేలు సారు. వెనక జనం ఈలలు, నవ్వులు.

"ఎక్కడ చచ్చావయ్యా మైకూ?" అన్నాడు. "ఇక్కడ పరువు గంగలో కలిసింది. పెద్దాయన బటన్ నొక్కారు, గంట మోగింది, చప్పట్లు కొట్టారు. తీరా చూస్తే నీ బావ గేటు దించేసి ఉన్నాడు. ఒక్క చుక్క నీళ్ళు రాలేదయ్యా! జనం పగలబడి నవ్వుతున్నారు. అర్జెంటుగా వచ్చి ఏదో ఒకటి చెప్పి సర్దు."

అక్క తల ఎత్తి నావైపు చూసింది. పిల్లలు ఇంకా నిద్రలోనే ఉన్నారు. నేను గొంతు తగ్గించాను.

"వచ్చాయి సార్."

"ఏమొచ్చాయి?"

"నీళ్ళు. ఇక్కడికొచ్చాయి."

అవతల నవ్వుల మోత మధ్యలో స్కేలు కింద పడిన చప్పుడయింది.

"ఎంతెత్తు వచ్చాయి?" అన్నాడు.

నేను మెట్టు వైపు చూశాను. గీత ఇంకా అక్కడే ఊగుతోంది.

"ఏ సున్నా నుంచి చెప్పమంటారు సార్?"